శుక్రవారం మేబెల్‌కి పిండి పెట్టాలి

సౌదీలోని దమ్మామ్‌లో ఏడేళ్ళు కాపురం చేశాక ఒక ఎండాకాలం పది వారాలపాటు మేము అమెరికాలో ఉన్నాం. విమానం మాత్రం ఎక్కలేదు. మా ఫ్లాట్ నుంచి కారులో ఇరవై నిమిషాలు, ఒక గేటు, గేటు దగ్గర పాసులు చూసే ఇద్దరు గార్డులు, అంతే. ఆయిల్ కంపెనీ పాతకాలంలో తన అమెరికా ఉద్యోగుల కోసం ఇసుకలో కట్టిన ఊరది. మావాళ్ళందరూ దాన్ని అమెరికా క్యాంపు అనేవారు. 2005 నాటి సంగతి.

మావారు అమర్నాథ్ ఆ కంపెనీలోనే ఇంజనీరు. ఆయన బాస్ డగ్, డగ్ భార్య బార్బరా ప్రతి ఎండాకాలం వాళ్ళ దేశం వెళ్ళిపోతారు. అలా వెళ్ళేవాళ్ళు ఇల్లు తాళం పెట్టి పోవడం అక్కడ అలవాటు లేదు. క్యాంపు బయట ఉండే తోటి ఉద్యోగుల్ని పిలిచి ఇంట్లో కూర్చోబెట్టి పోతారు. మొక్కలకి నీళ్ళు పొయ్యాలి, పిల్లికి తిండి పెట్టాలి, ఉత్తరాలు తెచ్చి బల్ల మీద పెట్టాలి. ఆ ఏడు డగ్ మావారిని అడిగాడు.

"బాస్ అడిగితే కాదంటే బావుంటుందా?" అన్నారు ఈయన, సోఫాలో నీరసంగా కూలబడుతూ.

నాకేమో ఎగిరి గంతెయ్యాలనిపించింది. మాది నాలుగో అంతస్తు. కిటికీలకి మసక అద్దాలు. ఆయన తెల్లారుజామున వెళ్తే సాయంత్రం అయిదింటికి రావడం. ఏడేళ్ళలో నేనొక్కదాన్నే కిందికి దిగి కొత్తిమీర కట్ట కొనుక్కొచ్చిన రోజు ఒక్కటీ లేదు. క్యాంపులో ఇల్లు కావాలని చేరిన ఏడాదే పేరు రాయించామనీ, లిస్టులో ఉందనీ, రావాలనీ, అడిగినప్పుడల్లా అనేవారు. ఆ మాట పట్టుకునే అన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

అప్పటికి మా అత్తగారు జ్ఞానప్రసూనాంబ గారు విజిట్ వీసా మీద మా దగ్గరే ఉన్నారు. అమెరికా వాళ్ళింట్లో ఉండాలంటే ఆవిడ ఏ గొడవ చేస్తారోనని భయపడ్డాను. ఆవిడ మాత్రం, "మన గిన్నెలు మనం పట్టుకుపోదాం. పొయ్యి కడుక్కుంటే సరి. ఈ పావురాల గూట్లో కూర్చునే కంటే నయం కాదుటే" అని తన సామాను అందరికంటే ముందు సర్దుకున్నారు.

జూన్ ఇరవై రెండు, బుధవారం చేరాం. బార్బరా నాలుగు కాగితాల జాబితా నా చేతిలో పెట్టి ఇల్లంతా తిప్పింది. అరవై దాటిన మనిషి, చిరునవ్వు మొహం. చివరికి ఫ్రిజ్ తెరిచి ఒక గాజు సీసా బయటికి తీసింది. లోపల తెల్లగా, బుడగలు బుడగలుగా ఏదో ఉంది. సీసాకి ఒక చీటీ అంటించి ఉంది. చీటీ మీద 'మేబెల్' అని రాసి ఉంది.

"రొట్టె పులవడానికి వేసే పిండి ఇది. మా నానమ్మ పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో మొదలుపెట్టింది. అప్పట్నుంచి చావకుండా బతికిస్తున్నాం. ఆవిడ పోయాక ఆవిడ పేరే పెట్టాం. శుక్రవారం శుక్రవారం ఒక కప్పు పిండి, ఒక కప్పు నీళ్ళు పొయ్యి. ఇంట్లో ఏం పగిలినా నేనేమీ అనుకోను నమ్రతా. ఇది మాత్రం జాగ్రత్త. అడిగిన వాళ్ళకల్లా తలో కాస్తా పంచాను గానీ అసలుది ఇదే" అంది బార్బరా.

అలాగేనని మాటిచ్చాను.

ఆ ఊరు నిజంగా ముచ్చటైన ఊరు. ఒక్క ఇంటికీ ప్రహరీ గోడ లేదు. గడ్డి, గడ్డి పక్కన కాలిబాట, కాలిబాట పక్కన గన్నేరు పొదలు. మా అత్తగారు మొదటి రోజు తెల్లవారుజామున నిద్ర లేచి కిటికీలోంచి చూసి, "ఇన్ని గన్నేరు పూలు ఎవరూ కొయ్యకుండా చెట్టునే వదిలేశారు, చోద్యం కాకపోతే!" అని సజ్జ పట్టుకుని బయల్దేరారు. వారం తిరిగేసరికి మూడు వీధుల పూలు మా దేవుడికే. పరుగు తీసే దొరలు ఆవిణ్ణి చూసి గుడ్ మార్నింగ్ అంటే, "ఆఁ, కులాసాయేనా నాయనా!" అని ఈవిడ తెలుగులో జవాబిచ్చేవారు. వాళ్ళకీ అర్థమయ్యేది కాబోలు, చెయ్యి ఊపి పోయేవారు.

లైబ్రరీ ఉంది. పిల్లలకని వేరే గది, కింద కూర్చోడానికి దిళ్ళు. మా స్నిగ్ధకి అప్పుడు తొమ్మిదేళ్ళు. పొద్దున్న దాన్ని అక్కడ దింపితే మధ్యాహ్నం చెయ్యి పట్టి లాక్కొస్తే గానీ వచ్చేది కాదు. పోస్టాఫీసులో గోడ నిండా చిన్న చిన్న ఇత్తడి తలుపులు, ఎవరి తాళంచెవితో వాళ్ళు తీసుకోవడమే. బౌలింగ్ ఆట ఉంది, సినిమా హాలు ఉంది, మిల్క్‌షేక్ ఇచ్చే ఫలహారశాల ఉంది. ఆడవాళ్ళు కార్లు నడుపుతారు. గేటు బయట అడుగు దూరంలో కూడా ఏ ఆడదీ స్టీరింగ్ పట్టడానికి లేదు. లోపల మాత్రం తెల్లజుట్టు మామ్మలు కూరగాయలకి కారేసుకుని తిరుగుతారు. మొదటి వారం నేను రోడ్డు పక్కన నిలబడి వాళ్ళనే చూసేదాన్ని.

నాలుగు వీధులు కలిసే చోట సిగ్నల్ లైట్లుండవు. నాలుగు వైపులా బోర్డులుంటాయి. ఎవరైనా ఆగాల్సిందే, ముందొచ్చిన కారు ముందు పోతుంది. ఇద్దరు ఒకేసారి వస్తే మీరు పదండంటే మీరు పదండని చేతులూపుకుంటారు. ఒక్కడూ హారన్ కొట్టడు. మా అత్తగారికి ఇదొక వేడుకైపోయింది. సాయంత్రం ఎండ తగ్గాక అక్కడ బల్ల మీద కూర్చుని ఆ తమాషా చూసి వచ్చేవారు.

గేటు బయట ఆడవాళ్ళు పైన వేసుకు తీరాల్సిన నల్ల అంగీ, అబాయా, లేకుండా పంజాబీ డ్రెస్సుతో వీధిలో నడుస్తుంటే మొదటి రెండ్రోజులు ఏదో మర్చిపోయి వచ్చానని వెనక్కి చూసుకునేదాన్ని. మూడో రోజు నుంచి అలవాటైపోయింది. బార్బరా గ్యారేజీలో ఆడవాళ్ళ సైకిలుంది. కాకినాడ కాలేజీ రోజుల తర్వాత మళ్ళీ సైకిలెక్కాను. రెండు సార్లు పడ్డాను. మోకాలు చెక్కుకుపోతే ఇంటికొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇంత సంబరంలో మావారు మాత్రం మనిషి మనిషిలా లేరు. ఆఫీసు నుంచి రాగానే కర్టెన్లు మూసేసేవారు. ఇంగువ పోపు పెడితే పరుగెత్తుకొచ్చి కిటికీ వేసేవారు. "అమ్మా, ఆ పూలు కొయ్యకు, ఎదురిల్లు మా సూపరింటెండెంటుది" అని రోజుకోసారి అనేవారు. దమ్మామ్‌లో లుంగీ కట్టుకుని బాల్కనీలో కూర్చునే మనిషి అక్కడ ఇంట్లో కూడా ప్యాంటుతోనే తిరిగేవారు. బాస్ ఇల్లు కదా, మొహమాటమేమోలే అనుకున్నాను.

జూలై ఎనిమిది, శుక్రవారం. బయట ఇసుక గాలి. నేను స్నిగ్ధని తీసుకుని లైబ్రరీకి వెళ్ళి వచ్చేసరికి ఇంట్లో కమ్మగా నూనె వాసన. మావారు బల్ల దగ్గర కూర్చుని రెండో ప్లేటు ఖాళీ చేస్తున్నారు. అత్తగారు పొయ్యి దగ్గర మూడో వాయి తీస్తున్నారు.

"పునుగులే. చేతులు కడుక్కుని రండి, వేడిగా ఉన్నాయి" అన్నారావిడ.

"అమ్మ చేతి పునుగులు తిని ఎన్నేళ్ళయిందో!" అన్నారు ఈయన. పైకి కరకర, లోపల మెత్తగా, కాస్త పులుపు. నిజం చెప్పాలి, అంత బావున్న పునుగులు నేను అంతకు ముందు తినలేదు, తర్వాతా తినలేదు. నేనే ఎనిమిది తిన్నాను. తిని, శుక్రవారం కదా మేబెల్‌కి పిండి పెడదామని ఫ్రిజ్ తెరిచాను.

మా ఇడ్లీపిండి సీసా నిండుగా ఉంది. దాని పక్క జాగా ఖాళీ. సింకు పక్కన బార్బరా సీసా శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. చీటీ సగం ఊడి వేలాడుతోంది.

"అత్తయ్యగారూ, ఈ సీసాలో పిండి ఏం చేశారు?"

"అదేగా తిన్నావు. మరీ పులిసిపోయి ఉందే అమ్మాయ్, అట్టుకి పనికిరాదు. పారెయ్యడానికి మనసొప్పక కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు కలిపి పునుగులేశా. ఏం, నువ్వు రుబ్బింది కాదూ?"

తప్పు నాదే. మా పిండిని కూడా అలాంటి గాజు సీసాలోనే పోసి పక్కపక్కన పెట్టింది నేను. ఆవిడ ఏది ఎవరిదని పోల్చుకుంటారు? నేను కుర్చీలో కూర్చుండిపోయి మేబెల్ సంగతంతా చెప్పాను. ముప్పై ఒకటో సంవత్సరం, నానమ్మ, పేరు, అన్నీ.

అత్తగారు చేతిలో చిల్లుల గరిటెతో అలాగే నిలబడిపోయారు. "ఓరి నాయనోయ్! అయితే పాపం ఆవిడ నానమ్మని నూనెలో వేయించేశానుటే!"

నేనూ స్నిగ్ధా నవ్వు ఆపుకోలేకపోయాం. మావారు నవ్వలేదు. "మీకు నవ్వెలా వస్తోంది? డగ్‌కి తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఏడాది చివర నా రిపోర్టు రాసేది ఆయన" అన్నారు.

"ఫోన్ చేసి చెప్పేద్దాం. పొరపాటైంది, క్షమించమందాం."

"పిచ్చా నీకు? పిండే కదా. మైదా, నీళ్ళు కలిపి, ఓ చెంచా పెరుగేసి పెడితే నాలుగు రోజులకి అదే బుడగలొస్తుంది. ఎవరికి తెలుస్తుంది?"

అన్నట్టే ఆ సాయంత్రం స్వయంగా కలిపి సీసాలో పోసి, చీటీ మళ్ళీ జిగురుతో అతికించి ఫ్రిజ్‌లో పెట్టారు. పడుకోబోయే ముందు కూడా రెండుసార్లు వెళ్ళి చీటీ సరిగ్గా అతికిందో లేదో చూసుకొచ్చారు. ఓ సీసా పిండి కోసం ఇంత భయమా అని అప్పుడే మొదటిసారి ఆశ్చర్యపోయాను.

నాకు మనసొప్పలేదు. అడిగినవాళ్ళకల్లా పంచానంది కదా బార్బరా. అయితే ఆ మేబెల్ ఈ ఊళ్ళో ఎవరింట్లోనో ఇంకా ఉండి ఉండాలి. ఆదివారం ఆయన ఆఫీసుకి వెళ్ళగానే సైకిలెక్కాను. మొదటి ఇంట్లో అసలు వాళ్ళు లేరు, మాలాగే కాపలా ఉన్న ఒక ఫిలిప్పీనో నర్సు ఉంది. రెండో ఇంట్లో నిక్కరేసుకుని గడ్డికి నీళ్ళు పెడుతున్న పెద్దాయన ఒకడు, తన దగ్గరున్నది పోయిన చలికాలంలో చచ్చిపోయిందని చాలా బాధగా చెప్పాడు. నేనూ సానుభూతి చూపించాల్సి వచ్చింది. "చివరి వీధిలో తెల్ల తలుపు ఇల్లు. స్కూల్లో పనిచేసిన టీచరమ్మది. ఆవిడ దగ్గర తప్పకుండా ఉంటుంది" అన్నాడు.

తెల్ల తలుపు తట్టాను. నలభై అయిదేళ్ళ మనిషి, చేతికి పిండి, తలకి గుడ్డ కట్టుకుని తలుపు తీసింది. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టేలోపే నా బొట్టు వైపు చూసి, "మీరు తెలుగోళ్ళా యేందమ్మా?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ పేరు హుస్సేన్‌బీ. ప్రొద్దుటూరు పక్క పల్లె. పదకొండేళ్ళుగా ఆ టీచరమ్మ ఇంట్లోనే వంట, పని. టీచరమ్మ సెలవు మీద పోయినా ఈవిడ వారానికి రెండుసార్లు రొట్టె కాలుస్తూనే ఉంటుంది. సంగతి చెప్పేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మీయత్త పునుగులేసిందా! యెట్లొచ్చినాయి?"

"చాలా బాగా వచ్చాయి."

"వస్తాయి మరి. అంత కాలం పులిసిన పిండి యాడ దొరుకుతాది!" అంటూ అరకప్పు పిండి డబ్బాలో పోసి ఇచ్చింది. "ఇది బార్బరా మేడమిచ్చిందే. నాలుగేండ్ల కిందట. అదీ ఇదీ ఒకటే, దిగులు పడద్దు."

వంటింట్లో వాళ్ళాయన అబ్దుల్ హమీద్ అన్నం తింటున్నాడు. క్యాంపులో ఇళ్ళు కేటాయించే ఆఫీసులో టైపిస్టట. మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికే వస్తాడట. మా ఊరూ పేరూ అడిగాడు. మావారి పేరు చెప్పగానే ముద్ద ఆపి నా వైపు చూశాడు.

"ఆ పేరు నాకు బాగ తెలుసమ్మా. సారుకు రెండుతూర్లు ఇల్లు ఇస్తామని కాగితం టైపు చేసింది నేనే. రెండుతూర్లూ నాకొద్దని సంతకం పెట్టి పంపినారు. వచ్చిన ఇల్లు ఎవరన్నా వద్దంటారా అని మేమంతా అనుకుంటిమి. మీకు తెల్దా?"

"తెలుసు" అన్నాను. ఎందుకలా అన్నానో, మొగుడు చెప్పలేదని ఒప్పుకోడానికి మొహం చెల్లలేదు.

"మూడోది ఆగస్టులో వస్తాది. అదీ వద్దంటే పేరు కొట్టేస్తారు. ఇంక జన్మకు ఇయ్యరు. ఈతూరి మంచి ఇల్లుండాదమ్మా, లైబ్రరీ యెనకాలే. సారుకు చెప్పి ఒప్పించు."

డబ్బా సైకిలు బుట్టలో పెట్టుకుని తిరిగొచ్చాను. ఎండ నలభై అయిదు దాటి ఉంటుంది, నాకు తెలియలేదు. కోపంతో ఒళ్ళంతా మండిపోయింది. రెండుసార్లు! రెండుసార్లు ఇల్లొస్తే నాకు ఒక్క మాట చెప్పకుండా వద్దని రాసిచ్చి, అదే సాయంత్రం ఇంటికొచ్చి నా చేతి కాఫీ తాగి, ఇంకా రావాలి అన్నాడీ మనిషి. ఇంటికి రాగానే ఆయన కలిపిన దొంగపిండి సింకులో పారబోసి, సీసా కడిగి, అసలు మేబెల్‌ని పోసి పిండీ నీళ్ళూ పెట్టాను. చేతికి పని ఉంది కాబట్టి ఏడవలేదు.

సాయంత్రం మేబెల్ దొరికిందని చెబితే ఆయన, "హమ్మయ్య! ఇంక ఎవరితోనూ అనకు" అన్నారు. అప్పుడే అడిగెయ్యొచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ నాకు రోషం. నేను అడిగితే ఏదో ఒకటి సర్దిచెప్తారు. ఆయనంతట ఆయన చెప్పాలి. మూడో కాగితం వస్తుంది కదా, అది తెచ్చి నా చేతిలో పెడితే ముందు రెండూ మర్చిపోదామని నాకు నేనే ఒప్పందం రాసుకున్నాను. ఆయనకి మాత్రం ఆ ఒప్పందం సంగతి చెప్పలేదు.

అవకాశాలు చాలా ఇచ్చాను. "ఈ ఊళ్ళో ఉండిపోతే ఎంత బావుంటుందో కదండీ" అనేదాన్ని. ఆయన పేపరు పైకెత్తుకుని, "ఊఁ, చూద్దాం" అనేవారు. స్నిగ్ధ లైబ్రరీ ముచ్చట్లు చెప్తుంటే లేచి లోపలికి వెళ్ళిపోయేవారు.

ఆగస్టు వచ్చింది. వీధి పొడుగునా ఖర్జూరం గెలలు పండి తేనె రంగుకి తిరిగాయి. ఆగస్టు మూడోవారంలో ఆయన ఆఫీసు బ్యాగులోంచి టిఫిన్ డబ్బా తీస్తుంటే కంపెనీ కవరు కనబడింది. ఇళ్ళ ఆఫీసు ముద్ర ఉంది. చింపి ఉంది. నేను చదవలేదు. ఎలా ఉన్నది అలాగే పెట్టేశాను. ఆ రాత్రి వంకాయ కూర, కందిపొడి, ఆయనకిష్టమైనవన్నీ చేశాను. తిన్నారు. బావుందన్నారు. పడుకున్నారు.

అలా పది రోజులు. రోజూ ఆయన కారు చప్పుడు వినగానే గుమ్మం దగ్గరికి వెళ్ళేదాన్ని. రోజూ ఏమీ చెప్పేవారు కాదు.

అత్తగారు కనిపెట్టేశారు. "ఏవిటే, వాడు గుమ్మం ఎక్కిన దగ్గర్నుంచి వాడి మొహంలోకి అలా చూస్తావు? ఏం జరిగింది?" అని నిలదీశారు. ఇంక దాచలేక చెప్పేశాను. ఆవిడ కడుతున్న పూలమాల పక్కన పెట్టారు.

"అడిగెయ్యి."

"ఆయనే చెప్పాలి అత్తయ్యగారూ."

"వాడు చెప్పడు. చిన్నప్పుడు లెక్కల్లో తప్పితే ఆ కాగితం అటక మీద దాచి, అన్నం మానేసి కూర్చున్నాడు గానీ నోరు విప్పలేదు. వెధవకి భయం. అడిగెయ్యవే, పంతాలకి పోకు."

"నేనడగను."

"పోనీ నన్నడగమంటావా?"

"వద్దు. మీరు అడిగితే నేనడిగినట్టే."

ఆవిడ నా వైపు ఓసారి చూసి, "ఇద్దరూ ఇద్దరే" అని మళ్ళీ మాల అందుకున్నారు.

ఆగస్టు ముప్పై ఒకటి, బుధవారం. మధ్యాహ్నం మూడింటికి డగ్, బార్బరా దిగారు. అప్పటికే మా సామాను కారులో సర్దేశాం. వాళ్ళు లోపలికి వచ్చే ముందు మావారు నన్ను పక్కకి పిలిచి, "మేబెల్ సంగతి ఎత్తకు. అదే పిండి కదా, లేనిపోని గొడవెందుకు?" అన్నారు. నేను వెళ్ళి వాళ్ళకి తలుపు తీశాను.

బార్బరా పిల్లిని ఎత్తుకుని, మొక్కలు చూసుకుని, నేరుగా ఫ్రిజ్ దగ్గరికే వెళ్ళింది. సీసా బయటికి తీసి మూత తెరిచి వాసన చూసి, కళ్ళు మూసుకుని, "మేబెల్!" అంది. ఆ మొహం చూశాక నాకు ఉండబట్టలేదు.

"బార్బరా, ఇది మీరు నాకిచ్చి వెళ్ళిన మేబెల్ కాదు" అన్నాను. మావారు తల దించుకున్నారు.

మొత్తం చెప్పాను. రెండు సీసాలు పక్కపక్కన పెట్టిన నా తెలివితక్కువతనం, పునుగులు, సైకిలు, హుస్సేన్‌బీ. బార్బరా సీసా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళు చెమర్చాయి. అత్తగారు ఏమనుకున్నారో, దారిలో తినడానికని చేసిన పునుగుల డబ్బా తెచ్చి ఆవిడ ముందు మూత తీసిపెట్టారు. మా ఇడ్లీపిండివే అవి. బార్బరా ఒకటి తీసుకుని కొరికింది. ఇంకోటి తీసుకుంది.

"మేబెల్‌వి ఇంత బావున్నాయా?" అని అడిగింది.

"ఇంతకంటే బావున్నాయి" అన్నాను. అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు.

బార్బరా పకపకా నవ్వింది. "మా నానమ్మకి వేపుడంటే ప్రాణం. హుస్సేన్‌బీ దగ్గర్నుంచి వచ్చింది కాబట్టి ఇదీ ఆవిడే. ఇంటికి తిరిగొచ్చిందనుకుంటాను" అంది. డగ్ మావారి భుజం తట్టి, "ఈ మాట చెప్పడానికి ఇంత భయపడ్డావా అమర్? ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదా" అని నవ్వాడు. మావారు కూడా నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

వాళ్ళ దగ్గర సెలవు తీసుకుని కారు దగ్గరికి వచ్చాం. అత్తగారూ స్నిగ్ధా వెనక సీట్లో కూర్చున్నారు. ఆయన తలుపు తియ్యకుండా గన్నేరు పొద పక్కన నిలబడిపోయారు. నేనూ నిలబడ్డాను.

"నమ్రతా, నీకో విషయం చెప్పాలి."

"తెలుసు."

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఏం తెలుసు?"

"రెండుసార్లు వద్దన్నారని తెలుసు. మూడో కాగితం మీ బ్యాగులో ఉందని కూడా తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"జూలై పదో తారీకు నుంచి."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్తారని చూశాను."

ఆయన కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. నా వైపు చూడకుండా, "రోజూ ఆఫీసులో పది గంటలు వీళ్ళ ముందు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటాను. నోరు తెరిస్తే ఏ తప్పు దొర్లుతుందోనని ఒక్కో మాటా రెండుసార్లు అనుకుని మాట్లాడతాను. ఇంటికొచ్చాక కూడా అలాగే ఉండాలంటే నావల్ల కాదనిపించింది. ఈ పది వారాలూ చూశావుగా నన్ను. కానీ ఇందాక నువ్వు బార్బరాతో అంతా చెప్పేశావు. ఏమైంది? ఏమీ కాలేదు. నువ్వడిగినా, నేను చెప్పినా..." అని ఆగిపోయారు.

నాకు అర్థమైపోయింది. అయినా అడిగాను. "సంతకం పెట్టేశారా?"

"నిన్న మధ్యాహ్నం."

ఒక్క రోజు. కేకలెయ్యాలనిపించింది. ఆయన్ని, నన్ను, ఇద్దర్నీ కలిపి తిట్టాలనిపించింది. పది రోజులు వంకాయ కూరలు వండుకుంటూ కూర్చున్నాను గానీ ఒక్క మాట అడగలేకపోయాను. ఎదురింటి సూపరింటెండెంటు భార్య కారులో వెళ్తూ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఊపి, వెళ్ళి కారులో కూర్చున్నాను.

గేటు దగ్గర పాసులు తిరిగిచ్చేశాం. నేను అబాయా వేసుకున్నాను. పెద్ద రోడ్డు ఎక్కాక స్నిగ్ధ ముందుకి వంగి, "నాన్నా, మనకి కూడా అక్కడ ఇల్లు ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ జవాబు నేనివ్వదలచుకోలేదు.

ఆయన కారు రోడ్డు పక్కకి తీసి ఆపారు. వెనక్కి తిరిగారు. "ఇంక రాదమ్మా. మూడుసార్లు ఇస్తామన్నారు. మూడుసార్లూ నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"భయమేసింది."

"నీకా?" అంది అది, నమ్మలేనట్టు.

"నాకే" అన్నారాయన. అత్తగారు వెనకనుంచి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఈ ముక్క ఆ రోజే పెళ్ళాంతో చెప్పి ఏడిస్తే ఏం పోయేదిరా" అన్నారు. స్నిగ్ధ కాసేపు ఏడ్చింది. ఎవరూ దాన్ని ఊరుకోమనలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు అదే నాలుగో అంతస్తులో ఉన్నాం. ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా తెచ్చి నా చేతికిచ్చేవారు. ఆయన మొహం కాస్త ముడుచుకుంటే చాలు, ఏమిటని వెంటనే అడిగేదాన్ని. ఆ రోజు కూతురి ముందు భయమేసిందని ఒప్పుకున్నందుకు నా కోపం సగం పోయింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది, అది ఆయనకీ తెలుసు.